వేమనకు అందని సువార్త

కదిరికి దగ్గరి కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. వేమన 17వ శతాబ్దివాడని ఎక్కువమంది పండితుల అంచనా. ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుంగనూరు, కృష్ణాపురం వైపు వచ్చింది 18వ శతాబ్ది తొలినాళ్లలో. లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగింది 1805లో. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో వారు తెనిగించిన సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. కడపలో మిషన్ మొదలైంది 1822లో. యేసు పేరే చెవినపడకుండా పోయిన వేమనకు, ఆయనతోపాటు ఈ సీమలో తరతరాలుగా బతికి వెళ్లిపోయిన జనానికి రక్షణ ఉందా లేదా అన్నది క్రైస్తవ లోకంలో పాత తగవు. అది పండితుల గదుల్లో ముగిసేది కాదు. ఒక ఇంట్లో మొదటిసారి బాప్తిస్మం తీసుకున్న మనిషికి తన తాతముత్తాతల గురించి కూడా అదే ప్రశ్న ఎదురవుతుంది.

లేదనేవారి వాదం బలహీనమైనదేమీ కాదు. యేసు నామం తప్ప రక్షణకు మరో నామం లేదని పేతురు యెరూషలేములో చెప్పాడు. ప్రకటించేవాడు లేకపోతే వినడం ఎలాగని పౌలు రోమీయులకు రాశాడు. ఈ రెండింటినీ కలిపి చదివితే, వినకపోతే నమ్మకం లేదు, నమ్మకం లేకపోతే రక్షణ లేదు అని తేలుతుంది. జెస్యూట్ మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ జపానులో ఇదే చెప్పాడు. చనిపోయిన మా తల్లిదండ్రులకు దారేదీ లేదా అని కొత్త విశ్వాసులు అడిగితే, లేదన్నాడు. వాళ్లు ఏడ్చారని 1552 నాటి ఉత్తరంలో తానే రాసుకున్నాడు.

ఈ లెక్కను చివరిదాకా లాగితే మాత్రం చిక్కు వస్తుంది. మనిషి నిత్యజీవం ఓడ ఏ రేవుకు వచ్చింది, అచ్చుయంత్రం ఏ ఏడు ఆడింది అన్నవాటి మీద ఆధారపడుతుంది. న్యాయవంతుడైన దేవుడు తీర్పును అలాంటి వాటికి వదిలేస్తాడా? బైబిలే దీనికి ఒప్పుకోదు. అబ్రాహాము, యోబు, మెల్కీసెదెకు ఎవరూ యేసు పేరు విన్నవారు కారు. ధర్మశాస్త్రం లేని అన్యజనులకు మనస్సాక్షే సాక్షి అని అదే పౌలు, అదే పత్రికలో రాశాడు. కాబట్టి రక్షణ ఎవరివల్ల అన్నది ఒక ప్రశ్న, ఆ రక్షకుడి పేరు మనిషికి తెలిసి ఉండాలా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి క్రీస్తువల్లే అని గట్టిగా చెబుతూనే రెండోదానికి అక్కర్లేదని చెప్పవచ్చు. క్రైస్తవుల్లో కరుకైన సిద్ధాంతానికి పేరుపడ్డ వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం కూడా 1640లలోనే, దేవుడు ఎన్నుకున్నవారిలో పసితనంలో పోయిన బిడ్డలకు, వాక్యం విని గ్రహించే శక్తి లేనివారికి మినహాయింపు ఇచ్చింది. వినకుండా రక్షణ అసాధ్యం కాదని ఆ ఒక్క మినహాయింపుతోనే ఒప్పుకున్నట్టయింది. తమ తప్పు లేకుండా సువార్త ఎరుగకపోయినా, నిజమైన మనసుతో దేవుణ్ణి వెదికి, మనస్సాక్షి చెప్పినట్టు నడిచేవారు రక్షణ పొందగలరని కాథలిక్ సంఘం 1964లో రెండో వాటికన్ సభలో తేటగా ప్రకటించింది.

ఈ తగవులో తెలుగువాడి గొంతు కూడా వినిపించింది. 1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగింది. దానికోసం డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్ రాసిన పుస్తకం, క్రీస్తులో దేవుడు బయలుపరచిన సత్యానికీ ఇతర మతాలకూ మధ్య పెద్ద అగాధం ఉందని వాదించింది. హిందూ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన న్యాయవాది పండిపెద్ది చెంచయ్య దాన్ని ఎదిరించాడు. క్రీస్తును చేరుకున్నవాడు తన పూర్వుల ఆధ్యాత్మిక సంపదను కాలదన్నుకోనక్కర్లేదన్నది ఆయన పట్టు. ఇద్దరి వాదం సువార్త విననివారి గతి గురించి నేరుగా కాదు. అయినా సంఘం గడప బయట దేవుడు పని చేస్తాడా అన్న ప్రశ్న తేలకుండా ఆ గతీ తేలదు.

మరి విననివారికీ దారి ఉంటే సువార్త చెప్పడం ఎందుకు అంటారు. బైబిల్లోని కొర్నేలీ కథలోనే జవాబుంది. ఆ రోమా శతాధిపతి ప్రార్థనలు, ధర్మకార్యాలు దేవుని సన్నిధికి చేరాయని దేవదూత ముందే చెప్పాడు. అయినా పేతురును పిలిపించమన్నాడు. వెదికేవాడికి తాను వెదికేదెవరినో తెలియడం చిన్న మేలు కాదు. ఇలా అంటే పాపం తేలికైపోదా అన్నది ఇంకో అభ్యంతరం. కాదు. తెలిసినంత వెలుగుకు జవాబు చెప్పాలన్నప్పుడు విననివాడికీ తీర్పు తప్పదు, విన్నవాడికి అది మరింత బరువవుతుంది. వేమనను చాటుమాటు క్రైస్తవుణ్ణి చేస్తున్నారని హిందువులు నొచ్చుకోవచ్చు. ఆ నొప్పి న్యాయమైనదే. ఆయన తన దారిలో తాను నడిచిన యోగి, ఆయనకు మరో పేరు తగిలించే హక్కు ఎవరికీ లేదు. ఇక్కడ చెబుతున్నది ఆయన మతం గురించి కాదు, క్రైస్తవులు కొలిచే దేవుడి న్యాయం గురించి.

వేమన రక్షణ పొందాడని కూడా దీనివల్ల రుజువు కాదు. ఫలానావాడు నరకానికే పోయాడని పలికే అధికారం ప్రసంగించేవాడికి లేదని మాత్రం రుజువవుతుంది. సంఘంలో కొత్తగా చేరిన మనిషి తన తాత గురించి అడిగితే, తీర్పు తీర్చేవాడు దేవుడు, ఆయన అన్యాయం చేయడు అని చెబితే చాలు. అంతకుమించి చెప్పడానికి లేఖనం ఎవరికీ చనువివ్వలేదు.