సర్కసు గుడారము వెనుక

ఊరి బయలున సర్కసు గుడారము లేచినదనిన పిల్లలకు పండుగయే. దీపముల వెలుగులో సింహము పీటపైకి దుముకుట చూచి చప్పట్లు చరచినవారము మనలో ఎందరో కలము. ఆట ముగిసిన పిమ్మట ఆ సింహ మెక్కడకు పోయెనో విచారించినవారు మాత్రము అరుదు.

అది పోయినది గుడారము వెనుకనున్న చక్రముల బోనులోనికి. భారతీయుల తొలి సర్కసుగా పేరొందినదానిని విష్ణుపంత్ ఛత్రే 1880లో బొంబాయిలో ప్రదర్శించెను. ఆనాటినుండి నూరేండ్లకు పైగా క్రూరమృగమునకు సర్కసులో ఇల్లు బోనే. ఊరూరు తిరుగవలసిన ఇల్లు గనుక అది ఇరుకు గాక తప్పలేదు. యజమాని కాఠిన్యమే దీనికి కారణమనరాదు; సంచారజీవనమే మూలకారణము. మృగరాజని మన కవులు కొనియాడిన జంతువునకు మనమొసగిన రాజ్యము బోనెడు! అడవిలో పులి ఒక్క రాత్రిలో మైళ్లకొలది తిరుగును. బోనులోని పులి అదే చోట ముందునకును వెనుకకును తిరుగుచుండును. చూచువారు దానిని రౌద్రమనుకొందురు. నిజమునకు అది నిర్బంధము కలిగించు మనోవ్యాధి.

ఏనుగునకు బోను లేదు, కాలికి గొలుసు కలదు. దినమునకు 100 కిలోలకు మించిన మేత, 100 లీటర్లకు పైబడిన నీరు దానికి కావలెను. నీటియెద్దడిగల ఊర మకాము పడిన, కాపరికి అదియే తొలి చింత. జబ్బుపడిన జంతువు ప్రక్కన రాత్రి మేలుకొనువాడును అతడే. ఆ మమత నిజమైనదే. కాని మమత బోనును విశాలము చేయజాలదు.

1998లో కేంద్రప్రభుత్వము ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహములను ఆటలకు వినియోగింపరాదని ప్రకటించెను. 2001లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. ఆట ఆగినది; మరి ఆ మృగములు పోవలసిన చోటేది? బోనులో పుట్టిన పులికి వేట తెలియదు. సర్కసు సింహములలో పెక్కు ఆసియా, ఆఫ్రికా జాతుల సంకరములగుటచే గిర్ అడవికిని అవి తగవు. అందుచే విశాఖపట్నము, తిరుపతి మొదలగు చోట్ల జంతుప్రదర్శనశాలల చెంత వాటికి రక్షణకేంద్రములు వెలసెను. అచట కొరడా లేదు. సంకరవంశము పెరుగరాదని సంతానమును లేదు. మాంసము, మందు, నీడ, నడచుటకు నేల కలవు.

అట్టి కేంద్రములో చివరి ముసలిసింహము కన్నుమూసిననాడే దాని పని నెరవేరినట్లు. అది దయ కాదు. మన చప్పట్లకు మనము తీర్చవలసిన బాకీ. సింహమును గూర్చి పాఠము చెప్పునప్పుడు ఉపాధ్యాయులు ఈ బాకీని కూడ పిల్లలకు తెలుపుదురు గాక!