నాకు నేను చెప్పుకోని మాట

తెల్లవారుజామున మా ఇంట్లో కళ్ళు మూసుకుని కూర్చుంటే మొదట వినిపించేది కోడికూత కాదు, సాంచాల టకటక. సాంచాలంటే పవర్‌లూములు. షోలాపూరులో దుప్పట్లూ తువాళ్ళూ నేసే పేట మాది. తాతల కాలంలో నేతపని వెతుక్కుంటూ తెలంగాణ పల్లెల నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబం. "చప్పుడు లేనిచోట కూర్చోమ్మా" అని మా అమ్మాయి పుణె నుంచి ఫోనులో చెబితే నవ్వొచ్చింది. అలాంటి చోటు మా సందులో ఎక్కడుంది? చివరికి ఆ చప్పుడుతోనే ఊపిరి కలుపుకోవడం అలవాటైంది. ఇప్పుడు కరెంటు పోయి సాంచాలు ఆగితేనే నా ధ్యాస చెదురుతుంది.

ధ్యానం మీద మోజుతో మొదలుపెట్టింది కాదు ఇది. రెండేళ్ళ క్రితం మా అత్తమ్మ పోయాక నాకు నిద్ర కరువైంది. ఆమెకు ఎనభై ఆరేళ్ళు. ఒక రాత్రి నన్ను లేపకుండా తనే బాత్రూముకు వెళ్ళి జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనైనా మళ్ళీ లేచి నడవలేదు. మూడు నెలలు మంచం మీదే ఉండి వెళ్ళిపోయింది. ఆరేళ్ళపాటు ఆమె పక్కనే చాప వేసుకుని పడుకుని, చిన్న దగ్గుకే లేచేదాన్ని. ఆ ఒక్క రాత్రే మొద్దునిద్ర పోయాను. మర్నాడు బాత్రూము దగ్గర జీరో బల్బు పెట్టించాం. ఆ వెలుగు కంటబడ్డప్పుడల్లా "ఒక్కరోజు ముందు పెట్టించి ఉంటే" అని గుండె కలుక్కుమనేది. చుట్టాల్లో ఎవరూ నన్నొక్క మాట అనలేదు. అనాల్సినవన్నీ నన్ను నేనే అనుకున్నాను.

అమ్మాయి చెప్పిన పద్ధతి చిన్నదే. రోజూ పది నిమిషాలు. కాసేపు ఊపిరిని గమనించడం, తర్వాత ఓ మూడు సంగతులు తలచుకుని కృతజ్ఞత చెప్పుకోవడం, చివర్లో మన క్షేమం మనమే కోరుకోవడం. ఇందులో కొత్తేముంది అనిపించింది. లేవగానే అరచేతులు చూసుకోవడం, కాలు మోపేముందు నేలతల్లిని తాకి మన్నించమనడం మా అమ్మ నేర్పినవే. ఈ కాలం వాళ్ళు దాన్ని పరీక్షకు కూడా పెట్టారట. 2003లో ఎమన్స్, మెకల్లో అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరు విద్యార్థుల చేత వారానికోసారి తాము కృతజ్ఞతపడే సంగతులు ఐదు దాకా రాయించారు. మరికొందరి చేత చిరాకులు రాయించారు. మొదటి జట్టువాళ్ళే తమ బతుకు మీద ఎక్కువ తృప్తిగా ఉన్నారని తేలింది. చిరాకులు రాయమంటే మా ఆడపడుచు నాలుగు నోటుబుక్కులు నింపేస్తుంది, అది వేరే సంగతి!

మొదటి వారంలో రెండుసార్లు పాలు పొంగిపోయాయి. అయినా కృతజ్ఞతల వంతు తేలిగ్గానే సాగింది. సమయానికి వచ్చిన నల్లానీళ్ళకి, శేంగా చట్నీ పంపిన ఎదురింటావిడకి, మందులు తెచ్చిపెట్టే మనవడికి దణ్ణాలు పెట్టుకున్నాను. నా వంతు దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయేది. "నేను చల్లగా ఉండాలి" అని అనుకోబోతే, "ఎందుకుండాలి?" అని లోపలినుంచి ఎదురుప్రశ్న. ఊరందరి బాగూ కోరుకోవడం వచ్చు మనకి. తన బాగు కోరుకున్న ఆడది స్వార్థపరురాలని చిన్నప్పటినుంచీ విని ఉన్నాం కదా. మూడు వారాలు ఆ చివరి భాగం ఎగ్గొట్టి లేచిపోయాను.

ఆ సంక్రాంతికి పక్కింటి మరాఠీ అమ్మాయి సిద్ధేశ్వరుని జాతరకు వెళ్ళిన గంటలో వాళ్ళ నాన్న మెట్ల మీద పడ్డాడు. చెయ్యి విరిగింది. "నేను వెళ్ళకుండా ఉంటే ఇలా అయ్యేది కాదు కాకూ" అని నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. వీపు నిమురుతూ మరాఠీలో చెప్పాను: "నువ్వు మనిషివి తల్లీ, గుమ్మానికి కొట్టిన మేకువి కాదు. ఇన్నేళ్ళు ఆయన్ని చూసుకున్నది ఎవరు? ఆ గంట ఒక్కటే లెక్కా?"

ఇంటికొచ్చి పప్పు కడుగుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఆ మాట అన్నది నేనేనా?

రాత్రి అమ్మాయికి చెబితే, సరిగ్గా ఇదే విషయం మీద క్రిస్టిన్ నెఫ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు 2003 నుంచీ పత్రాలు రాస్తోందని చెప్పింది. కష్టంలో ఉన్న స్నేహితురాలితో ఎలా మాట్లాడతామో మనతో మనమూ అలాగే మాట్లాడుకోవాలని ఆవిడ సలహా. మర్నాడు గుండె మీద చెయ్యి వేసుకుని పక్కింటి పిల్లకు చెప్పిన మాటలే నాకూ చెప్పుకున్నాను. మరాఠీలో లోపలికి దిగలేదు. మా అమ్మ తిట్టిన తెలుగులో, ముద్దుచేసిన తెలుగులో చెప్పుకుంటే అప్పుడు ఏడుపొచ్చింది. పైకే ఏడ్చాను. సాంచాల చప్పుళ్ళో ఎవరికీ వినపడలేదు.

ఎవరైనా మొదలుపెట్టదలిస్తే నాకు తెలిసిన రెండు మాటలు చెబుతాను. వేళను ఏదో ఒక పనికి ముడిపెట్టుకోండి. నేనైతే స్టవ్వు వెలిగించకముందే కూర్చుంటాను, పాల గొడవ ఉండదు. కళ్ళు మూస్తే దిగులు ఇంకా కమ్ముకుంటుంటే, తెరిచే ఉంచి తులసికోటనో గోడనో చూడండి. ఇది మందులకు బదులు కాదు. నా బీపీ మాత్రలు మానలేదు, నిద్ర కోసం డాక్టరు దగ్గరికీ వెళ్ళాను. మనసు మరీ బరువెక్కితే 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న టెలి మానస్ ఉంది. 14416కి ఉచితంగా ఫోను చేయవచ్చు. పరాయి రాష్ట్రంలో ఉన్నామని సందేహించనక్కర్లేదు, అక్కడ పలికే భాషల్లో తెలుగూ ఉంది.

నాకు అంతా సర్దుకుందని చెప్పను. కొన్ని తెల్లవారుజాములు ఆ రాత్రే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. బాత్రూము దగ్గర బల్బు తీసేయనా అని మొన్న మావాడు అడిగాడు. వద్దన్నాను. నాకూ అరవై మూడు నిండాయి, రాత్రి రెండుసార్లు లేస్తున్నాను. పడుకునేముందు ఆ బల్బు ఇప్పుడు నాకోసమే వేసుకుంటున్నాను.