సైను తరంగం ఎందుకు విరుగుతుంది?

శ్రోతలు రేడియో ముల్లును తిప్పి 900 కిలోహెర్ట్జుల వద్ద కడప కేంద్రాన్ని పట్టుకొన్నప్పుడు వారి సెట్టుకు చేరినది మాటను మోసుకొని వచ్చిన ఒక సైను తరంగం. ఆ కేంద్రం ప్రారంభమైన 1963 నాటికి అటువంటి తరంగాన్ని పుట్టించడం స్ఫటికాల పని, వాల్వుల పని. నేడు కర్నూలు ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల ఎలక్ట్రానిక్సు చదివే విద్యార్థి ఎఫ్.పి.జి.ఏ. చిప్పులో కేవలం అంకెలతో దానిని పుట్టించవచ్చును. ఎఫ్.పి.జి.ఏ. అంటే, లోపలి వలయాన్ని కొన్నవాడే తనకు కావలసినట్లు అమర్చుకోగల చిప్పు. ఆ వలయాన్ని ముందు కంప్యూటరు తెరమీద పరీక్షిస్తారు. చిక్కు అక్కడే. నునుపైన అల రావలసిన చోట రంపపు పళ్ళు కనబడతాయి. విద్యార్థి సాధనాన్ని నిందిస్తాడు. తరచు అది నిర్దోషి.

మన పల్లెల్లో గానుగ ఎద్దును చూచినవారికి ఈ సంగతి సులభం. ఎద్దు గుండ్రంగా తిరుగుతుంది. దూరాన నిలిచి చూస్తే ఎడమకు, కుడికి ఊగుతున్నట్లు తోస్తుంది. ఆ ఊగుడే సైను. దానికి లంబదిశ నుంచి చూస్తే కనబడేది కొసైను. ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతాన పాదవృత్తాన్ని 225 కళల చొప్పున 24 భాగాలు చేసి జ్యా విలువలకు లెక్క కట్టినాడు. పాదవృత్తం తెలిస్తే తక్కిన మూడు పాదాలు వాటంతట అవే వస్తాయి. నేటి చిప్పులలోని పట్టికలు కూడా పలుమార్లు పాదమే దాచుకొంటాయి. పట్టిక లేకుండా కూడికలతో, అంకెలను పక్కకు జరపడంతో కోణాన్ని త్రిప్పే కార్డిక్ పద్ధతిని 1959లో జాక్ వోల్డర్ ప్రకటించినాడు.

జైలింక్స్ వారి కార్డిక్ అంగంలో 16 బిట్ల కోణం రేడియనులలో ఇస్తే, 13 బిట్లు దశాంశ బిందువుకు కుడివైపు భాగానికి పోతాయి. అందువల్ల అర్ధవృత్తం 25736 అవుతుంది. విద్యార్థి పెట్టిన లెక్కింపు యంత్రమో 32767 దాకా పోతుంది, అంటే నాలుగు రేడియనులకు! ఎద్దు చుట్టు దాటి చేలోకి నడిచినదన్నమాట. 25735 దాటగానే 51472 తీసివేయవలెను. ఎద్దు మళ్ళీ బాటకు వస్తుంది. నా దృష్టిలో ముందుగా అనుమానించవలసినది దీనినే.

అల క్రింది సగం ఎగిరి పైకి పోతే వలయాన్ని ముట్టుకోవద్దు. ఋణసంఖ్యను తెర ధనసంఖ్యగా చదువుతున్నది. ఒకటి తక్కువ సున్న 65535గా కనబడుతుంది. తెర అమరికలో గుర్తుగల సంఖ్య అని చెప్పితే చాలును. సైను, కొసైను రెండూ ఒకే 32 బిట్ల మాటలో వస్తాయి. క్రింది సగం కొసైను, పై సగం సైను. మొత్తాన్ని ఒకే అంకెగా గీస్తే వచ్చేది చెత్త. ఫలితం కొన్ని గడియార స్పందనలు ఆలస్యంగా వస్తుందనీ మరువరాదు.

అల గీయక ముందే కోణం సున్నగా ఇచ్చి చూడవలెను: కొసైను 16384కు, సైను సున్నకు దగ్గరగా రావాలి. 12868 ఇస్తే అవి తారుమారు కావాలి.

అంతా సరిగా ఉండి స్థాయి మాత్రం తప్పితే గడియారాన్ని చూడవలెను. 10 కోట్ల హెర్ట్జుల గడియారంతో, 32 బిట్ల కోణసంచయంతో 900 కిలోహెర్ట్జులు కావాలంటే ప్రతి స్పందనకు 38654706 కలపాలి. బోర్డు మీది గడియారం నిజానికి 5 కోట్లదే అయితే అదే అంకెకు 450 వస్తుంది.