గాలి పొరకు దూది లెక్క

మన డార్మిటరీలో ఫ్యాను రోజంతా గిర్రున తిరుగుతుంది కదా, మరి దాని రెక్కల మీద దుమ్ము ఎందుకు ఎగిరిపోదు? రెక్కను తాకిన గాలి రెక్కకే అంటుకుని దానితోపాటే తిరుగుతుంది గనుక. దాని పైనున్న గాలి కొంచెం జారుతుంది, ఆ పైది ఇంకొంచెం. ఈ పలచని పొరనే బౌండరీ లేయర్, అంటే సరిహద్దు పొర అంటారు. జర్మనీకి చెందిన లుడ్విగ్ ప్రాంట్ల్ 1904లో హైడెల్‌బర్గ్ గణిత మహాసభలో దీని సంగతి చెప్పాడు. గాలికున్న జిగటను ఈ పొర లోపల లెక్కలోకి తీసుకుంటే చాలు, బయట వదిలేయవచ్చు అన్నాడు. అంతవరకు ఎవరికీ లొంగని లెక్కలు దాంతో చేతికందాయి.

1908లో ఆయన శిష్యుడు బ్లాసియస్ చదునైన పలక మీద ఈ పొరను లెక్కగట్టాడు. పలక అంచు నుంచి నాలుగింతల దూరం పోతే పొర రెండింతలు మందమవుతుంది. కానీ పొరలో వేగం మారే తీరు అన్నిచోట్లా ఒకటే. చిన్న ఫొటో, దాన్నే పెద్దది చేయించిన ఫొటో లాగన్నమాట. అందుకని రెండు చలరాశుల సమీకరణం ఒకే చలరాశికి దిగివచ్చింది.

ఇదంతా నెమ్మది గాలికి. వేగం ధ్వనిని మించితే చిక్కు మొదలు. గోడ దగ్గర ఆగిన గాలి గతిశక్తి ఏమవుతుంది? వేడి అవుతుంది. పెన్సిలు తీయండి. 2003 దాకా తిరిగిన కాంకార్డ్ విమానం ధ్వనికి రెండింతల వేగంతో పోయేది, అంటే మాక్ సంఖ్య 2. అంత ఎత్తులో గాలి సున్నాకు దిగువన 57 డిగ్రీలు, అంటే 216 కెల్విన్. గాలి పూర్తిగా ఆగిపోతే ఉష్ణోగ్రత ఎన్ని రెట్లవుతుందంటే, మాక్ సంఖ్య వర్గాన్ని 0.2తో గుణించి 1 కలపాలి. 1.8 వస్తుంది. 216ని దాంతో గుణిస్తే 389 కెల్విన్, అంటే 116 డిగ్రీలు. బయట గడ్డకట్టే చలి, విమానం ముక్కు మీద మాత్రం నీళ్లు మరిగే వేడి! మాక్ 3కి మీరే వేసి చూడండి.

వేడెక్కిన గాలి ఉబ్బుతుంది, సాంద్రత తగ్గుతుంది. జిగట కూడా మారుతుంది. తేనె వేడిచేస్తే పలచబడుతుంది, గాలి మాత్రం వేడెక్కితే జిగట పెరుగుతుంది. (ఇది నాకు చాలా వింతగా తోచింది.) వేగం కావాలంటే ఉష్ణోగ్రత తెలియాలి, ఉష్ణోగ్రత కావాలంటే వేగం తెలియాలి. ఒకే గుంజకు కట్టిన రెండు మేకల తాళ్లలా రెండు సమీకరణాలూ మెలికపడ్డాయి.

మెలిక విప్పిన ఉపాయం చూడండి. సంతలో బూరుగు దూది కొనేవాడు కుప్ప ఎత్తు చూసి డబ్బులిస్తాడా? తూకం చూస్తాడు. సోవియట్ దేశంలో డొరొద్నిత్సిన్ 1942లో, ఇంగ్లండులో హోవార్త్ 1948లో ఇదే పని చేశారు. గోడ నుంచి ఎత్తును స్కేలుతో కాకుండా, మధ్యలో ఎంత గాలి ద్రవ్యరాశి ఉందో దాంతో కొలిచారు. ఉబ్బిన గాలి లెక్కలో మళ్లీ అణిగిపోయింది. పైగా వేడికి సాంద్రత తగ్గినంతే జిగట పెరుగుతుందనుకుంటే, రెండింటి లబ్ధం మారదు. అప్పుడు చదునైన పలకకు మిగిలేది ఏమిటో తెలుసా? బ్లాసియస్ గారి 1908 నాటి సమీకరణమే! దాన్ని సాధించి, చివర్లో తూకాన్ని తిరిగి ఎత్తుగా మార్చుకుంటే సరి. గాలి జిగట సరిగ్గా అలాగే పెరగదు గనుక ఇది సుమారు లెక్కే. అయినా నాకు రాకెట్ కంటే ఈ ఉపాయమే గొప్పగా అనిపిస్తుంది.

దీంతో మనకేం పని అంటారా? మన శ్రీహరికోట నుంచి 2007 జనవరి 10న ఎస్ఆర్ఇ-1 అనే సుమారు 550 కిలోల క్యాప్సూల్‌ను పంపారు. జనవరి 22న అది బంగాళాఖాతంలో దిగింది. కక్ష్యలో దాని వేగం సెకనుకు 8 కిలోమీటర్లకు దగ్గర. కాలిపోకుండా సిలికా పలకలు తొడిగారు. వేడి తక్కువని లెక్కవేస్తే క్యాప్సూల్ బూడిదవుతుంది, ఎక్కువని వేస్తే పలకల బరువే మోయలేనంత అవుతుంది. అంత వేగంలో మన 0.2 సూత్రం వేల వేల డిగ్రీలు చూపిస్తుంది, కానీ అక్కడ గాలి అణువులే విడిపోయి కొంత శక్తిని మింగేస్తాయి, కాబట్టి రసాయన చర్యలను కూడా కలిపి కంప్యూటర్ మీద వేయాల్సిందే. ఇంకో గండం, పొర నున్నగా పోతూ పోతూ ఒకచోట సుడులు తిరగడం మొదలుపెడితే గోడకు చేరే వేడి ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ చోటు ఏదో ముందే కచ్చితంగా చెప్పడం ఇప్పటికీ కష్టమే. అందుకే లెక్క వేశాక కూడా నమూనాను గాలి సొరంగంలో పెట్టి చూస్తారు.