కంప్యూటర్ ఎలా మేల్కొంటుంది?

స్విచ్ వేసిన క్షణంలో కంప్యూటర్ ర్యామ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు. ఎందుకు? కరెంటు ఆగగానే ర్యామ్‌లోనిదంతా చెరిగిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ డిస్క్‌లోనే భద్రంగా ఉంటుంది. దాన్ని ర్యామ్‌లోకి తెచ్చే చిన్న ప్రోగ్రామే బూట్‌లోడర్.

ఖమ్మం పట్నంలోనైనా, భద్రాచలం అడవి అంచు బడిలోనైనా కంప్యూటర్ మేల్కొనే వరుస ఒకటే. మొదట మదర్‌బోర్డు చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రామ్ ర్యామ్, కీబోర్డు వంటివాటిని పరీక్షించి, బూట్‌లోడర్‌ను వెతుకుతుంది. పాత రకం ఫర్మ్‌వేర్ అయిన బయోస్ డిస్క్‌లోని మొదటి 512 బైట్లనే చదువుతుంది. అందులో పెద్ద ప్రోగ్రామ్ పట్టదు కాబట్టి, ఆ ముక్క మిగతా బూట్‌లోడర్‌ను పిలుస్తుంది. కొత్త రకం ఫర్మ్‌వేర్ అయిన యూఈఎఫ్ఐ మాత్రం డిస్క్‌లోని ప్రత్యేక విభాగం నుంచి బూట్‌లోడర్ ఫైలును నేరుగా తెరుస్తుంది.

తెలుగువారి ‘స్వేచ్ఛ’ వంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో సాధారణంగా బూట్‌లోడర్ పని ‘గ్రబ్’ది. అది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నల్‌ను ర్యామ్‌లోకి ఎక్కించి, పగ్గాలు అప్పగిస్తుంది. కెర్నల్ డ్రైవర్లను సిద్ధం చేసి, మిగతా ప్రోగ్రాములను మొదలుపెడుతుంది. అప్పుడే తెర మీద లాగిన్ కనిపిస్తుంది.