వేటపాలెపు సారస్వత నికేతనము

చీరాలకు చేరువనున్న వేటపాలెము నేతపనికి పేరుగన్న చిన్న ఊరు. తెలుగు పరిశోధకులు అచ్చటికి వెదకుకొని పోవుటకు కారణము సారస్వత నికేతనము. 1918లో ఊటుకూరి వేంకట సుబ్బరాయ శ్రేష్ఠి హిందూ యువజన సంఘము పేర దీనికి అంకురార్పణ చేసిరి. బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడి అప్పటికి నాలుగేండ్లే.

ప్రస్తుత భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసిరి. ఆయన చేతికర్ర ఇచ్చట భద్రముగా నున్నది. సందర్శకుల చూపు ముందు దానిపైననే పడుట సహజము. కాని ఈ భవనమునకు అసలైన ప్రతిష్ఠ తెచ్చినవి పాత పత్రికలు.

వార్తాపత్రిక ఒక్క దినపు వస్తువు. మరునాడది అంగడిలో పొట్లమగును. అట్టి ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల పాత సంచికలను ఈ ఊరివారు పోగుచేసి దాచిరి. గ్రంథరూపము దాల్చని కథలు, సాహిత్య వివాదములు, ఆనాటి సభల ముచ్చటలు, చివరకు ప్రకటనలు సైతము వాటిలోనే దొరకును.

గ్రంథాలయ భవనమును స్తంభములనుబట్టి మెచ్చుట పరిపాటి. కాగితమునుబట్టి చూచిన లెక్క వేరు. వేటపాలెమునకు సముద్రము దాపు. గాలిలో తేమ హెచ్చు. కిటికీలు తెరచిన తేమయు ధూళియు, మూసిన బూజు. చెదలకు ఏ కాలమైనను ఒకటే. పైగా కొయ్యగుజ్జుతో చేసిన పత్రికా కాగితము తనలోని ఆమ్లగుణముచే తానే పచ్చబడి, పెళుసై, మడతలవద్ద తునుగును. ఛాయాచిత్రములు తీసి ఉంచుట మంచి ఉపాయమే. అందులకును ఆ పుటను ఒక్కసారి విప్పక తప్పదు.