లేత్ మీద హెవీ టర్నింగ్.. ఖరీదైన టిప్ కాదు, సరైన టిప్ కావాలి

లేత్ షాపులో సాయంత్రం పూట డబ్బాలో పడేసిన టిప్‌లు చూస్తే చాలు, ఆ రోజు ఎంత మిగిలిందో సగం తెలిసిపోతుంది. అంచు విరిగిన టిప్, గాటు పడిన జాబ్, మళ్లీ మొదటి నుంచి చేయాల్సిన పని.. ఈ మూడింటి ఖర్చూ షాపు నడిపే కుటుంబం మీదే పడుతుంది. హైదరాబాద్‌లోని బాలానగర్, కాటేదాన్‌లలో, విజయవాడ ఆటోనగర్‌లో ఒకటి రెండు మిషన్లతో బతికే షాపులకు ఇది చిన్న విషయం కాదు.

టిప్ విరగ్గానే వచ్చే సలహా ఒకటే. "ఈ కంపెనీది మంచిది కాదు భాయ్, ఇంకొంచెం ఖరీదైనది తీసుకో." కానీ చాలాసార్లు తప్పు కంపెనీది కాదు. ఆ మిషన్‌కి, ఆ లోహానికి, ఆ కోతకి ఆ టిప్ సరిపోకపోవడమే అసలు కారణం.

టిప్‌లో ఏముంటుంది?

షాపుల్లో టిప్ అని పిలిచేది కార్బైడ్ ఇన్సర్ట్‌నే. టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో కలిపి, అచ్చులో ఒత్తి, కొలిమిలో కాల్చి దీన్ని తయారుచేస్తారు. పైన పల్చటి పూత వేస్తారు. కోబాల్ట్ పాలు పెరిగితే టిప్ దెబ్బను బాగా తట్టుకుంటుంది. తగ్గితే గట్టిగా ఉండి త్వరగా అరగదు, కానీ దెబ్బ తగిలితే పెళుసుగా విరుగుతుంది. ఈ రెండు గుణాలూ పూర్తిగా ఒకే టిప్‌లో దొరకవు. ఎంపిక మొత్తం ఈ రెండింటి మధ్యే జరుగుతుంది.

హెవీ టర్నింగ్ అంటే ఫోర్జింగ్‌గానో, కాస్టింగ్‌గానో వచ్చిన ముడి జాబ్ మీద నుంచి లోహాన్ని మందంగా ఒలిచేయడం. పైన నల్లటి పొర ఉంటుంది, ఎత్తుపల్లాలుంటాయి, కాస్టింగ్ అయితే ఇసుక కూడా అంటుకుని ఉంటుంది. అందుకే ఇక్కడ ఫినిషింగ్‌కి వాడే టిప్ నిలబడదు.

ముందు మిషన్ బలం చూడాలి

ఉదాహరణకు రైస్ మిల్లు షాఫ్ట్ ఒకటి పనికి వచ్చింది అనుకుందాం. 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టీల్ కడ్డీని 80కి తేవాలి. అంటే ఒక్కో వైపు 10 మిల్లీమీటర్లు తీయాలి. నిమిషానికి 100 మీటర్ల కటింగ్ స్పీడ్ కావాలంటే జాబ్ దాదాపు 320 ఆర్‌పీఎం తిరగాలి.

ఈ స్పీడ్‌లో 5 మిల్లీమీటర్ల లోతు, 0.4 ఫీడ్ పెడితే కోతకే దాదాపు 6.7 కిలోవాట్లు కావాలి. గేర్లలో పోయేది కలుపుకుంటే 11 హార్స్‌పవర్ మోటారు ఉండాలి. షాపులో ఉన్నది 3 హార్స్‌పవర్ లేత్ అయితే బెల్టు జారుతుంది, జాబ్ ఆగిపోతుంది, టిప్ అక్కడికక్కడే విరుగుతుంది. అదే మిషన్ మీద 2 మిల్లీమీటర్ల లోతు, 0.2 ఫీడ్ పెడితే పని నడుస్తుంది. రెండు కోతలకు బదులు ఐదు కోతలు పడతాయి, అంతే.

కాబట్టి చిన్న లేత్‌కి పెద్ద హెవీ టిప్ కొనడం డబ్బు దండగ. పదును ఎక్కువగా ఉండి తక్కువ బలంతో కోసే చిప్‌బ్రేకర్ దానికి మేలు.

డబ్బా మీది అక్షరాలు ఏం చెబుతాయి?

సీఎన్‌ఎంజీ 120408 అనే పేరు దాదాపు ప్రతి షాపులో వినిపిస్తుంది. ఇది కంపెనీ పేరు కాదు, ఐఎస్‌ఓ పద్ధతిలో రాసే కొలత. సీ అంటే 80 డిగ్రీల మూలలున్న డైమండ్ ఆకారం. ఎన్ అంటే పక్కలు నిటారుగా ఉంటాయని. ఎం అంటే కొలతల్లో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే తరగతి. జీ అంటే మధ్యలో రంధ్రం, రెండు వైపులా చిప్‌బ్రేకర్. 12 అంటే అంచు పొడవు దాదాపు 12 మిల్లీమీటర్లు, 04 మందం, 08 అంటే నోస్ రేడియస్ 0.8 మిల్లీమీటర్లు.

నాలుగో అక్షరం ఎం అయితే, అంటే సీఎన్‌ఎంఎం అయితే, చిప్‌బ్రేకర్ ఒక వైపే ఉంటుంది. అడుగు చదునుగా ఉండి హోల్డర్‌లో గట్టిగా కూర్చుంటుంది. బాగా లోతైన కోతకు ఇదే సరైనది. మొదటి అక్షరం ఎస్ అయితే టిప్ చతురస్రం. మూల 90 డిగ్రీలు కాబట్టి ఇంకా బలం. కాకపోతే మెట్టు దగ్గర నిటారు మూల తీయడానికి పనికిరాదు, అక్కడ సీ ఆకారమే కావాలి.

కోత లోతు అంచు పొడవులో సగం దాటకుండా చూసుకుంటే క్షేమం. రఫింగ్‌లో ఫీడ్ కూడా నోస్ రేడియస్‌లో సగం దాటకూడదు. 0.8 రేడియస్‌కి 0.4 వరకు అన్నమాట. రేడియస్ పెరిగితే మూల బలపడుతుంది. కానీ సన్నగా, పొడవుగా ఉన్న షాఫ్ట్‌ని అది పక్కకు నెడుతుంది, జాబ్ వణుకుతుంది.

లోహాన్ని బట్టి గ్రేడ్

స్టీల్‌కి పీ గ్రేడ్, గుర్తు నీలం. స్టెయిన్‌లెస్‌కి ఎం, గుర్తు పసుపు. కాస్ట్ ఐరన్‌కి కే, గుర్తు ఎరుపు. పక్కనుండే అంకె కూడా ముఖ్యం. పీ15 గట్టిది, నున్నటి జాబ్ మీద వేగంగా పనిచేస్తుంది. పీ35 దెబ్బలు ఓర్చుకుంటుంది, కీవే గాడి ఉన్న షాఫ్ట్, ఎగుడుదిగుడు ఫోర్జింగ్ లాంటి వాటికి సరిపోతుంది, కానీ స్పీడ్ తగ్గించాలి. ఏ పని వస్తుందో ముందు తెలియని షాపుకి పీ25 మధ్యే మార్గం.

ముడి జాబ్ మీద మొదటి కోత పై పొర కిందకి వెళ్లేంత లోతుగా ఉండాలి. పైపైన గీకితే ఆ గట్టి పొర మీదే అంచు అరిగిపోతుంది.

అరిగిన అంచు చెప్పే మాట

వాడేసిన టిప్‌ని పారేసే ముందు వెలుతురులో ఒకసారి చూడాలి. అంచు కింద సమానంగా అరిగి ఉంటే ఎంపిక సరిగ్గానే ఉన్నట్టు. పైన గుంట పడినా, అంచు మెత్తబడి కుంగినా వేడి ఎక్కువైనట్టు. స్పీడ్ తగ్గించాలి, లేదా ఇంకా గట్టి గ్రేడ్ తీసుకోవాలి. లోహం అంచుకు అతుక్కుపోతే స్పీడ్ తక్కువైనట్టు. ముక్కలుగా విరిగితే దెబ్బలు తట్టుకునే గ్రేడ్ కావాలి. దానికన్నా ముందు హోల్డర్‌లో షిమ్ పగిలిందేమో, టూల్ ఎక్కువ బయటికి వచ్చిందేమో చూడాలి. పగిలిన షిమ్ మీద ఎంత మంచి టిప్ పెట్టినా విరుగుతుంది.

కూలెంట్ పోస్తే ధారగా, ఆగకుండా పోయాలి. మధ్యమధ్యలో చల్లితే వేడెక్కిన టిప్ ఒక్కసారిగా చల్లబడి పగుళ్లు తీస్తుంది. అంతకన్నా పొడిగా కోయడమే నయం.

చిప్స్ పొడవాటి రిబ్బన్లలా వస్తుంటే చిప్‌బ్రేకర్ పనిచేయడం లేదని అర్థం. ఫీడ్ కొంచెం పెంచితే చాలాసార్లు చిన్న చుట్టలుగా తెగుతాయి. ఆ రిబ్బన్లు చక్‌కి చుట్టుకుని వేళ్లు కోసేస్తాయి. వాటిని చేత్తో లాగకూడదు, మిషన్ ఆపి కొక్కెంతో తీయాలి. కళ్లద్దాలు తప్పనిసరి, చేతికి గ్లవ్స్ ఉంటే మిషన్ తిరుగుతుండగా దగ్గరికి వెళ్లొద్దు. కొత్తగా చేరిన పిల్లలకు ఉస్తాద్ మొదటి రోజే చెప్పాల్సిన మాట ఇది.

అసలు లెక్క అంచుకు ఎంత

టిప్ ధరను కాదు, అంచు ధరను చూడాలి. టిప్ 400 రూపాయలు అనుకుంటే, నాలుగు అంచులున్న సీఎన్‌ఎంజీలో ఒక్కో అంచు 100 పడుతుంది. అదే ధరకి రెండే అంచులున్న సీఎన్‌ఎంఎంలో 200. కానీ లోతైన కోతలో మొదటిది విరిగి కింది వైపు అంచు కూడా పాడైతే ఆ పొదుపు అక్కడే పోయింది. డబ్బా లేకుండా విడిగా అమ్మే టిప్‌లలో గ్రేడ్ తెలిసే దారి ఉండదు కాబట్టి వాటి చవక నమ్మదగింది కాదు.

ఈ పని పద్ధతిగా నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఐటీఐలో రెండేళ్ల టర్నర్ కోర్సు ఉంది. బాలానగర్‌లో 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కూడా ఉంది. షాపులో ఉన్నవాళ్లకి మాత్రం ఒక నోటుపుస్తకం చాలు. ఏ లోహం, ఏ టిప్, ఎంత స్పీడ్, ఎంత ఫీడ్, ఎన్ని జాబ్‌లకు అంచు పోయింది.. ఇవి రాసి పెట్టుకుంటే, తర్వాతిసారి దుకాణంలో ఏ టిప్ అడగాలో ఆ పుస్తకమే చెబుతుంది.